వెనక కడ్డీకి ఇంకో బిళ్ళ

ఏ వస్తువు చేతికొచ్చినా ఆయన ముందు దాన్ని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెడతాడు. గరిటె, గొడుగు, దువ్వెన, చీపురు, ఏదైనా సరే. అది కాసేపు అటూ ఇటూ ఊగి, ఒకచోట ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఆ చోటే ఆ వస్తువు గుండె అని ఆయన నమ్మకం. పెళ్ళయిన కొత్తలో భార్య పొయ్యి దగ్గర గరిటె కోసం వెతుక్కుంటుంటే, అది ఆయన వేలి మీద పడుకుని ఉందట. "నన్ను కూడా ఇలాగే తూచి చేసుకున్నారా?" అని అడిగింది ఆవిడ. "తూచబోయాను. నువ్వు నిలవలేదు, నేనే పడిపోయాను," అన్నాడు. ఆవిడకి ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నవ్వు ఆగదు.

విలువిద్య నేర్పే మైదానం చివర ఒక రేకుల గది ఉంది. అదే ఆయన పనిచోటు. ఒక గోడ పొడవునా చెక్క బెంచీ, దానికి బిగించిన వైసు, విల్లుని రెండు చివర్లా పట్టి మెల్లగా వంచే ప్రెస్సు, మేకులకి పొడవు వరసలో వేలాడే రెంచీలు, సొరుగు ట్రేలో మరలు బిగించే అలెన్ కీలు, డబ్బాలో మైనం, దారపు ఉండలు. కిటికీలోంచి చూస్తే గడ్డి. గడ్డికి అవతల, యాభై మీటర్ల దూరంలో, పసుపుపచ్చ కళ్ళతో వరసగా నిలబడ్డ టార్గెట్లు. పొద్దు వాలేకొద్దీ ఆ కళ్ళు ఒక్కొక్కటే నీడలోకి జారి మూతపడేవి.

అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆయన్ని బిళ్ళల మేస్త్రీ అంటారు. బిళ్ళంటే ఉక్కుతో చేసిన గుండ్రటి చిన్న బరువు, ఒక్కోటి ఇరవై ఎనిమిది గ్రాములు. విల్లు ముందుకి పొడుచుకొచ్చే పొడవాటి కడ్డీ చివరా, వెనక్కి వాలే పొట్టి కడ్డీ చివరా వాటిని బిగిస్తారు. ఆయన జేబులో అవి ఎప్పుడూ గలగలమంటుంటాయి. ఆయన వస్తున్న సంగతి అడుగుల కన్నా ముందు జేబు చెబుతుంది.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు లేత్ మిషను మీద పనిచేశాడు. నీళ్ళ పంపుల ఇరుసులకి తొడిగే బుష్‌లు తిప్పేవాడు. ఒకరోజు ఎవరో ఒకాయన మర అరిగిపోయిన విల్లొకటి పట్టుకొచ్చాడు. మేస్త్రీకి అంతవరకూ విల్లంటే వంచిన కర్ర, దానికో తాడు. ఇది వేరే జీవి. మధ్యలో కిటికీలు కోసినట్టున్న అల్యూమినియం వెన్నెముక. దానికి పైనా కిందా పొట్టి రెక్కలు. రెక్కల చివర కోడిగుడ్డు ఆకారపు కప్పీలు. కప్పీల చుట్టూ ఒక అల్లెతాడు, రెండు కేబుళ్ళు.

"లాగి చూడండి. కానీ వదలకండి, బాణం లేకుండా వదిలితే విరుగుతుంది," అన్నాడు వచ్చినాయన.

మేస్త్రీ లాగాడు. మొదట కొండెక్కుతున్నంత బరువు. భుజాలు మొరాయించాయి. అంతలో కప్పీలు తిరిగాయి. కొండ దాటినట్టయింది. అవతలి పక్క చేతిలో మిగిలిన బరువు నాలుగో వంతు. తాడు చెంపకి ఆనించుకుని హాయిగా నిలబడ్డాడు. నిలబడ్డాకే తెలిసింది, చెయ్యి వణుకుతోందని.

"మామూలు విల్లుని ఇంతసేపు ఆపలేరు. ఇది ఆగనిస్తుంది. ఆగనిస్తుంది గనకే మనలో ఉన్న వణుకంతా బయటపెడుతుంది," అన్నాడాయన.

ఆ వణుకు మేస్త్రీతో పాటు ఇంటికొచ్చింది. అన్నం తింటున్నా, నీళ్ళు తోడుతున్నా చేతిలో అదే మెదిలింది. మనిషి కదలకుండా ఉండలేడు. అయితే మనిషి కదలికని ఒక వస్తువు మింగేసేలా చేయొచ్చా? ఏడాది తిరిగేలోగా ఆయన లేత్ వదిలేసి మైదానం గదిలోకి మారాడు.

అక్కడ కూర్చుని ఆయన కనిపెట్టినవి పుస్తకాల్లో ఉన్నవే కావచ్చు. ఆయనకి మాత్రం అవి తన వేళ్ళు చెప్పిన సంగతులు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇలా చెప్పేవాడు: "పొట్టి విల్లు పిల్లికూన బాబూ. చేతిలో పెట్టుకోగానే గెంతుతుంది. పొడుగు విల్లు ముసలి గేదె. కదలమన్నా కదలదు. వేటకి పిల్లి కావాలేమో గానీ, గురికి గేదె కావాలి." పిడి రెక్కల మొదళ్ళకి వెనకగా ఉంటే బాణం వేగంగా పోతుంది గానీ, చేతి తప్పులన్నీ బాణంతో పాటు వెళ్ళిపోతాయి. పిడి ముందుకొస్తే వేగం తగ్గుతుంది, తప్పులు క్షమిస్తుంది. గురిచూసే అద్దం కుడిపక్కకి వేలాడుతుంది కాబట్టి వెనక కడ్డీ ఎడమకి వాలాలి. లేకపోతే అద్దంలోని రసమట్టంలో బుడగ మధ్యలో నిలవదు. ముందు కడ్డీ ఎంత పొడవుగా, ఎంత బరువుగా ఉంటే అద్దం మధ్యలోని గురిచుక్క అంత నెమ్మదిగా తిరుగుతుంది. వీధిలో పొడవాటి నిచ్చెన మోసుకెళ్ళే మనిషిని చూపించి చెప్పేవాడు: "చూడు, వాడు గబుక్కున తిరగలేడు. విల్లు కూడా గబుక్కున తిరగలేనట్టు ఉండాలి."

ఆయనకి ఒక నియమం ఉండేది. ముందు కడ్డీకి పెట్టిన బరువు తీయడు. చుక్క కిందకి జారుతోందని ఎవరైనా అంటే, ముందు బిళ్ళ తీసేస్తే సరిపోతుంది. ఆయన మాత్రం అది తీయకుండా, వెనక కడ్డీకి ఒకటి కలుపుతాడు. త్రాసులో అటు తగ్గించడానికి బదులు ఇటు పెంచడం. అలా చేస్తే నెమ్మది పోదు, చుక్క పైకి లేస్తుంది. విల్లు మాత్రం ఇంకొంచెం బరువెక్కుతుంది. ఆ ఇంకొంచెం ఎవరి చేతిలోకి వెళుతుందో ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

చెల్లెలు ఆయన కన్నా పదమూడేళ్ళు చిన్న. అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోయాక, ఎనిమిదేళ్ళ పిల్ల సంచీ పట్టుకుని అన్నయ్య ఇంటికొచ్చింది. అప్పటినుంచీ వదినే జడవేసింది, వదినే తిట్టింది, జ్వరమొస్తే వదినే పక్కన పడుకుంది. "మాకు పిల్లలు లేరని ఎవరన్నారు? ఏకంగా ఎనిమిదేళ్ళ పిల్లని కన్నాను, నొప్పులు కూడా పడకుండా," అనేదావిడ. అన్నయ్యకి ఆమె 'అమ్మడు'. పదహారేళ్ళప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి మైదానానికి వచ్చి, బెంచీ మీదున్న విల్లు తీసుకుని, ఎవరూ చెప్పకుండానే సరిగ్గా పట్టుకుంది. ఎడమచేతి పట్టు వదులుగా, కుడి మోచెయ్యి ఎత్తుగా. ఆ డబ్బా ఆ పూట చల్లారిపోయింది.

పదేళ్ళలో ఆమె దేశం మొత్తం మీద మొదటి ఐదుగురిలోకి వచ్చింది. జట్టులోకి తీసుకునేది నలుగుర్నే. ప్రతిసారీ ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయేది. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. ఇంకో ఆర్నెల్లలో మళ్ళీ ఎంపిక పోటీ.

ఆ ఆర్నెల్ల కోసం మేస్త్రీ ఒక విల్లు తయారుచేశాడు. తన చేతిలో పుట్టిన వాటన్నిటిలోకీ అదే గొప్పదని ఆయనకి తెలుసు. పొడవాటి వెన్నెముక, ముందుకొచ్చిన పిడి, ముప్ఫై అంగుళాల ముందు కడ్డీ. దాని పిడి చెక్కని ఆమె అరచేతి ముద్రకి కుదిరేలా రాత్రీ పగలూ రుద్ది నునుపు తేల్చాడు. ఆమె మొదటిసారి లాగి నిలబడ్డప్పుడు, ఆయన వెనక నుంచి చూస్తూ అడిగాడు.

"ఎలా ఉందే?"

"అన్నయ్యా, చుక్క నిద్రపోతోంది," అంది ఆమె చెంప తాడుకి ఆనించే.

నిలకడని కొలవడానికి ఆయనకో పద్ధతుంది. విల్లుకి చిన్న లేజరు దీపం కట్టి, ఎదురుగా గడ్డిమోపు మీద తెల్లకాగితం అంటిస్తాడు. ఆమె బాణం ఎక్కించి, లాగి, పది లెక్కపెట్టేంతసేపు గురిపెట్టి, వదలకుండా మెల్లగా దించాలి. కాగితం మీద ఎర్రచుక్క తిరిగిన దారిని ఫోనులో తీసి, తర్వాత దాన్ని పెన్సిలుతో గీసుకుంటాడు. తారీఖు వేసి, మేకుకి గుచ్చుతాడు. చుక్క ఎవరి చేతిలోనూ పూర్తిగా ఆగదు. కుదిరిన విల్లయితే ఆ గీత మబ్బు అంచులా నెమ్మదిగా, గుండ్రంగా ఉంటుంది. ఆమె మొదటి నెల కాగితాలన్నీ మబ్బులే.

రెండో నెలలో ఆమె గదిలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. "ఆరు బాణాల్లో ఆఖరి రెండూ కిందకి జారుతున్నాయి అన్నయ్యా. మొదటి నాలుగూ బాగానే ఉన్నాయి."

"ఎంత కిందకి?"

"పదికి బదులు తొమ్మిది పాయింట్ల వలయంలోకి. ఒక్కోసారి ఎనిమిదిలోకి. భుజం కూడా లాగుతోంది కొంచెం."

ఆయన అప్పటికే విల్లుని తీసుకుని వేలి మీద నిలబెట్టాడు. "ముందుకి తూలుతోంది. వెనక్కి ఒకటి పెడతాను. చూడు, ఎలా లేస్తుందో."

పెట్టాడు. లేచింది. పదిరోజులు బాణాలన్నీ పసుపులోనే పడ్డాయి. తర్వాత ఆఖరివి మళ్ళీ జారాయి. ఇంకో బిళ్ళ. మళ్ళీ వారం రోజుల వెలుగు. "భుజం?" అని వదిన అడిగితే, "కొత్త బరువు కదా, అలవాటవ్వాలి," అని ఆమెకి బదులు ఆయనే చెప్పేవాడు. ఆమె నొప్పి మాత్రలు స్కూటరు డిక్కీలో దాచుకునేది.

కోచ్ పొడుగాటి మనిషి, ఎవరితోనూ గొంతు పెంచదు. ఒక పొద్దున రేకుల గదిలోకి వచ్చి, బెంచీ మీదున్న విల్లుని ఒంటిచేత్తో ఎత్తి, దించేసింది.

"మేస్త్రీ గారూ, ఇది విల్లా, కుట్టుమిషనా?"

"నాలుగు కిలోలకి కాస్త తక్కువేనండి. మగవాళ్ళు ఇంతకన్నా బరువు పట్టుకుంటున్నారు."

"మగవాళ్ళ సంగతి నాకెందుకండీ, ఆ పిల్ల సంగతి చెప్పండి. ముందువి రెండు తీసేయండి, వెనకవి నాలుగు తీసేయండి. తాడు లాగే దూరం అర అంగుళం కుదించండి. మూడు వారాలు విశ్రాంతి ఇద్దాం."

"ముందువి తీస్తే చుక్క గంతులేస్తుందండి."

"వేస్తే వేయనీండి. ఆ గంతులు ఆవిడ చూసుకుంటుంది."

ఆయన మొహం ముడుచుకుపోయింది. "పదిహేనేళ్ళుగా నా చేతిలోంచి వెళ్ళిన విల్లు వణికిందని ఒక్కరు అనలేదండి. నా విల్లులో తప్పుంటే చూపించండి, తీసేస్తాను."

కోచ్ విల్లుని ఆయన వైపు జరిపింది. "విల్లులో తప్పుందని నేనన్నానా?" అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె విశ్రాంతి మాట ఎత్తితే చెల్లెలే ఒప్పుకోలేదు. ఇంత దగ్గరికొచ్చి మూడు వారాలు ఆగితే ఎలా మేడమ్ అంది. అన్నయ్య ఆ పక్కనే నిలబడి తాడుకి మైనం రాస్తున్నాడు. రాస్తూనే ఉన్నాడు.

ఎంపికకి రెండు వారాల ముందు మళ్ళీ కాగితం తీశాడు. ఆమె పది లెక్కపెట్టి, దించి, నీళ్ళు తాగడానికి బయటికెళ్ళింది. ఆయన ఫోను చూసుకుంటూ పెన్సిలుతో గీస్తున్నాడు. గుండ్రటి దారి గుండ్రంగానే ఉంది. కానీ ఆ దారి అంచంతా సన్నటి రంపపు పళ్ళు. పెన్సిలు ఆగిపోయింది.

లేత్ మీద అన్నేళ్ళు పనిచేసినవాడికి ఆ పళ్ళు తెలియకపోవడం ఏమిటి? కోత పనిముట్టు మొద్దుబారితే ఇనుము మీద పడే గీత ఒకటి. మిషను లోపల బేరింగు అరిగిపోతే పడే గీత ఇంకొకటి. రెండోది ఎంత పనిముట్టు మార్చినా పోదు. మిషను ఆపి విప్పాలి. మబ్బు విల్లుది. పళ్ళు భుజానివి. అంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి?

ఆయన ఆ కాగితాన్ని మేకుకి గుచ్చలేదు. నాలుగు మడతలు పెట్టి, అలెన్ కీల సొరుగులో, ట్రే కిందకి తోశాడు.

ఆమె మూతి తుడుచుకుంటూ వచ్చింది. "ఎలా వచ్చింది?"

"బాగానే ఉంది. కాస్త ముందుకి తూలుతోందంతే."

"అయితే?"

"వెనక్కి ఇంకో బిళ్ళ పెడితే సరి."

ఆమె ఒక క్షణం ఎక్కువే ఆయన మొహంలోకి చూసింది. "సరే అన్నయ్యా," అంది.

ఎందుకలా చేశానని ఆయన తర్వాత వేలసార్లు తనని తాను ప్రశ్నించుకున్నాడు. చెబితే ఆమెకి ఏడాది పోతుందని భయపడ్డాననుకుంటే కొంచెం ఊరట. కానీ ఆ ఊరట ఎక్కువసేపు నిలవదు. అసలు సంగతి, తాను చేసిన ఆ విల్లు బాణాలు వేసే గీత దగ్గర, అంతమంది ముందు, కదలకుండా నిలబడటం ఆయన చూడాలనుకున్నాడు. ఆ కోరికలో చెల్లెలు ఉంది. కానీ విల్లుని పట్టుకునే స్టాండులాగా ఉంది.

పోటీకి డెబ్భై రెండు బాణాలు. ముప్ఫై ఆరు అయ్యేసరికి ఆమె రెండో స్థానంలో ఉంది. మేస్త్రీ తాడు కంచె బయట, దూరదర్శిని కంటికి పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదో విడతలో నాలుగో బాణం. ఆమె లాగింది. కొండ దాటింది. నిలబడింది. ఆయన జీవితంలో అంత నిలకడగా నిలబడ్డ విల్లుని చూడలేదు. ముందు కడ్డీ చివర బిళ్ళలు ఎండలో ఒక్క మెరుపు దగ్గరే ఆగిపోయాయి.

తర్వాత అది కిందకి దిగడం మొదలుపెట్టింది. వణకలేదు. అంత బరువు పెట్టాక అదెందుకు వణుకుతుంది? నిటారుగా, నిదానంగా, చెరువులోకి దిగే పడవలా దిగిపోయింది. బాణం టార్గెట్ కాళ్ళ దగ్గర గడ్డిలో పడింది. ఆమె విల్లుని కుడిచేతిలోకి మార్చుకుని, స్టాండు మీద జాగ్రత్తగా పెట్టి, గీత దగ్గరే నిలబడిపోయింది. ఎడమచెయ్యి ఎవరో అక్కడ తగిలించి మరిచిపోయినట్టు వేలాడుతోంది. ఇంకా రెండు బాణాలకి టైముంది. గడియారం ఆ రెండు బాణాల టైమునీ ఒక్కో సెకనే లెక్కపెట్టింది.

భుజంలో కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ తెగిందన్నాడు డాక్టరు. ఒక్కరోజులో తెగింది కాదు, నెలల తరబడి చిరుగుతూ వచ్చిందన్నాడు. ఆపరేషను చేశారు. చెయ్యి ఛాతీ ఎత్తు వరకూ లేస్తుంది, ఆపైన లేవదు. విల్లు మాట డాక్టరు ఎత్తలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇది జరిగి రెండున్నరేళ్ళు. ఇప్పుడామె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తోంది. అద్దం మధ్యబిందువు గుర్తుపెట్టడం, ఫ్రేము వంచి ముక్కుకి కుదర్చడం. ఆమె కుదిర్చిన కళ్ళద్దాలు జారవని పేరు. మైదానం వైపు రాదు. దుకాణానికి ఇంకో దారి ఉంది, రెండు వీధులు చుట్టు. ఆ దారినే వెళుతుంది.

ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి రోజూ పొద్దున వదిన జడ వేస్తుంది. రెండు చేతులూ తల వెనక్కి పోతే గదా సొంతంగా వేసుకునేది. ఒకసారి జుట్టు కత్తిరించుకుంటానంటే వదిన ఊరుకోలేదు. "నా చేతులకి పని లేకుండా చేస్తావా?" అంది. వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని అద్దం ముందు పెట్టుకుని నవ్వుకుంటూ ఉంటారు. మేస్త్రీ మాత్రం ఆ పనికి ముందే ఇంట్లోంచి బయటపడతాడు. మైదానం తాళం తీసేవాడు కూడా అప్పటికి రాడు. గేటు బయట నిలబడి, జేబులో బిళ్ళలు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూస్తాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. వదినకి వేలు తెగి కట్టు కట్టించుకుంది. చెల్లెలు స్నేహితురాలింటికి వెళ్ళాలి. తలస్నానం చేసిన జుట్టు విరబోసుకుని, దువ్వెన పట్టుకుని వచ్చి అన్నయ్య ముందు నేల మీద కూర్చుంది.

"నువ్వు వెయ్యి."

"నాకేం వచ్చే?"

"తాళ్ళ పనే కదా నీది. మూడు పాయలు. కేబుళ్ళనుకో."

ఇంక తప్పించుకునే దారి లేకపోయింది. ఆయన దువ్వాడు. మూడు పాయలు తీశాడు. వేళ్ళకి పని తెలుసు, కానీ బలం ఎంత పెట్టాలో తెలియలేదు.

"అబ్బా! జడ వేస్తున్నావా, మోకు పేనుతున్నావా? మొహం వెనక్కి లాగేస్తున్నావు, చెవులు కలిసిపోతాయి."

వంటింట్లోంచి వదిన అరిచింది. "ఇంకో బిగువు బిగించకండి, దుకాణానికి వచ్చినవాళ్ళు గుర్తుపట్టరు!"

ఆయన వదులు చేశాడు. చెల్లెలు అటు తిరిగి ఉంది. మొహం కనిపించడం లేదు. ఇన్నాళ్ళూ ఆమె మొహం చూస్తూ రాని మాట ఆ జుట్టు చూస్తూ వచ్చింది.

"అమ్మడూ. పోటీకి రెండు వారాల ముందు కాగితం తీశాను చూడు. బాగానే ఉందన్నాను. బాగాలేదు. భుజం పాడైందని దాంట్లో ఉంది. నాకు తెలిసింది. తెలిసి, దాన్ని..."

"అలెన్ కీల ట్రే కింద పెట్టావు."

ఆయన చేతుల్లో పాయలు ఆగిపోయాయి.

"చూశాను," అంది ఆమె. "మర్నాడే. అద్దం బిగించుకోడానికి చిన్న కీ కావాల్సొచ్చింది. నువ్వు గడ్డిమోపులు మార్చడానికి వెళ్ళావు."

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్పేసేవాడివి. చెప్పేస్తే ఆగాల్సొచ్చేది." కింద ఉన్న దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అన్నయ్య చెప్పడులే అని ధైర్యంగా ఉన్నాను. మళ్ళీ అలాగే మడిచి పెట్టేశాను, నువ్వు పెట్టిన మడతల మీదే."

ఆయనకి ఆ మాటతో బరువు తగ్గాలి. తగ్గలేదు. ఆ ట్రే కింద తాను దాచింది ఒక్కటే అనుకున్నాడు. అక్కడే ఆమె కూడా తన రెండు వారాల్ని దాచుకుందన్నమాట.

"రోజూ పొద్దున్నే నువ్వు పారిపోతుంటే చూస్తున్నాను," అంది ఆమె. "తప్పంతా నీదేనని నువ్వు మోస్తుంటే, మోయనీ అనుకున్నాను. నాకూ కొంచెం తేలిగ్గా ఉండేది. అది మంచిది కాదు. చెప్పాలనే ఉంది, ఎప్పటికప్పుడు రేపు చెబుదాంలే అనుకుంటూ వచ్చాను."

"నీ తప్పేముందే ఇందులో? చిన్నపిల్లవి."

"ఇరవై ఆరేళ్ళు అన్నయ్యా. చిన్నపిల్లని కాను." ఆమె తల తిప్పబోయింది, జడ ఆయన చేతిలో ఉంది. "నాకు ఆ కాగితం గురించి కోపం లేదు. కోపం దేని మీదో చెప్పనా? మొదట్లో, రెండో నెలలో, నీ గదికొచ్చి భుజం లాగుతోంది అన్నాను. గుర్తుందా? నువ్వు నా భుజం వైపు చూడనే లేదు. విల్లు తీసుకుని వేలి మీద పెట్టావు. ఆ రోజు చూసి ఉంటే ఇద్దరం ఏదీ దాచాల్సిన పనే ఉండేది కాదు."

ఆయన కింద వరకూ అల్లి, చివర రబ్బరు బ్యాండు వేశాడు. జడ ఒక పక్కకి వంకరగా వాలింది. ఆమె కుడిచేత్తో తడిమి చూసుకుంది, విప్పలేదు.

"ఆ విల్లు ఏమైంది?" అని అడిగింది లేస్తూ.

"గదిలోనే ఉంది. పెట్టెలో."

"తాడు తీశావా?"

తీయలేదు. మామూలు విల్లయితే పని అయ్యాక తాడు విప్పేస్తారు, కర్ర తిన్నగా సాగి విశ్రాంతి తీసుకుంటుంది. కప్పీల విల్లుకి ఆ వీలు లేదు. ప్రెస్సులో పెడితే తప్ప తాడు ఊడదు. ఎవరూ ముట్టుకోకుండా చీకటి పెట్టెలో పడి ఉన్నా, దాని రెక్కలు వంగే ఉంటాయి, కేబుళ్ళు బిగిసే ఉంటాయి.

"రెండున్నరేళ్ళుగా అలాగే ఉందా?" అంది ఆమె. చెప్పులేసుకుంది. "పద."

"స్నేహితురాలింటికన్నావు?"

"పద అన్నయ్యా."

మైదానంలో ఆదివారం ఎవరూ లేరు. గడ్డి ఎండిన వాసన. ఆమె గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చింది. ఆయన పెట్టె తెరిచాడు. విల్లు మెరుపు తగ్గలేదు. ఆయన కడ్డీలు విప్పాడు, ముందుది, వెనకది. బిళ్ళలు బెంచీ మీద పెట్టాడు. రెక్కల మొదళ్ళ బోల్టులు కొద్దికొద్దిగా వదులు చేశాడు. విల్లుని ప్రెస్సు వేళ్ళ మధ్య కూర్చోబెట్టాడు.

"నేను తిప్పుతాను," అని ఆమె ప్రెస్సు పిడి పట్టుకుంది. కుడిచేత్తో మొదలుపెట్టింది. రెక్కలు ఇంకొంచెం వంగాయి. అల్లెతాడు మొదటిసారి వదులై, కప్పీ మీద నుంచి పక్కకి ఒదిగింది. ఆయన దాన్ని తప్పించాడు. కేబుళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేతిలోకి వచ్చాయి. చాలా కాలం బిగిసి ఉన్నందుకు అవి వంకర్లు మరిచిపోయి పుల్లల్లా ఉన్నాయి.

ఇప్పుడు రెక్కలు తిన్నగా సాగేలా పిడిని వెనక్కి తిప్పాలి. అది బిగుతుగా ఉంది. ఆమె తనకి తెలియకుండానే ఎడమచెయ్యి కూడా సాయం వేసింది. ఒకటిన్నర చుట్టు తిరిగింది. ఆయన కళ్ళు అలవాటుగా రెక్కల వైపు వెళ్ళబోయాయి. వెళ్ళలేదు. ఆమె భుజం జాకెట్టు కింద ముడుచుకోవడం, మెడ పక్క నరం లేవడం చూశాడు.

"నొప్పిగా ఉందా?"

ఆమె పిడి పట్టుకునే ఆగింది.

"ఉంది," అంది.

ఆయన చేతులు బెంచీ మీద ఏ పనిముట్టు కోసమూ వెతకలేదు. "ఎక్కడ?" అని అడిగాడు.